ఒక్క పేరుకే జాగా

కౌసల్య వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేసరికే దేవమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. భర్త సోమయ్య పోయి మూడో నెల నడుస్తోంది. సంగారెడ్డిలో నీటిపారుదల శాఖ జీపు నడిపి రిటైరైన మనిషి. ఆయన పింఛను ఇక భార్యకు రావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి.

పటాన్‌చెరులోని ఆ ఇంట్లో భార్యలు ఇద్దరు. పెళ్లయి పదేళ్లు దాటినా దేవమ్మకు పిల్లలు కలగలేదు. తన సొంత చెల్లెలు కౌసల్యనే తెచ్చి భర్తకిచ్చి చేసింది. కౌసల్యకు సుమిత్ర పుట్టింది. ఆ పిల్లను కన్నది ఒకరు, ఎత్తుకు తిరిగింది ఒకరు. అక్కచెల్లెళ్లు ఒక్కనాడు కూడా వేరుకుంపటి పెట్టలేదు.

"జల్దీ తయారుగా కౌసల్యా, బస్సు పోతది."

"నేనెందుకక్కా? నువ్వు పొయ్యిరా."

"ఏందే గట్లంటవు? ఇద్దరి పేర్లు రాపియ్యాలె. సగం నీకు, సగం నాకు. ఆయనుంటే గిదే చెయ్యమనేటోడు."

సంగారెడ్డి ఆఫీసులో పెద్దవయసు ఉద్యోగి ఒకాయన కుర్చీలు చూపించి కూర్చోమన్నాడు. దేవమ్మ రెండు పేర్లూ చెప్పింది. ఆయన కలం కింద పెట్టాడు.

"అమ్మా, మొదటి భార్య ఉండగ చేసుకున్న పెళ్లి చట్టంల పెళ్లి కాదు. కుటుంబ పింఛను మీ ఒక్కరి పేరు మీదనే వస్తది."

"మరి నా సగం హక్కు ఈమెకు స్టాంపు కాయితం మీద రాసిస్త సారూ."

"అదీ చెల్లదు. పింఛను మీద హక్కు ఇంకొకరికి రాసిచ్చెటందుకు లేదు. పైసలు మీ చేతికొచ్చినంక మాత్రం మీ ఇష్టం, ఎవరికన్న ఇచ్చుకోండ్రి."

"నా తర్వాత?"

"మీ తర్వాత ఆగిపోతది. మీ బిడ్డ ఉద్యోగం చేస్తున్నదంటిరి, ఆమెకూ రాదు." ఆయన కౌసల్య వైపు చూసి నెమ్మదిగా అడిగాడు. "ఇంతకు ఈమె మీకేమైతరు?"

దేవమ్మ ఆలోచించలేదు. "నా చెల్లె సారూ" అనేసింది.

అది అబద్ధం కాదు. అయినా కౌసల్య కొంగు తల మీదికి లాక్కుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం సుమిత్ర బొల్లారం మందుల కంపెనీ నుంచి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమైతది? నెలనెల సగం నీ చేతుల పెడుతనే అంటే మీ అమ్మ ఉలకదు, పలకదు."

"నెలనెల నీ ముందట చెయ్యి చాపాల్నా?" అంది కౌసల్య. "నువ్విస్తే తిన్నట్టు, ఇయ్యకపోతే పస్తున్నట్టు. గంతేనా నా బతుకు?"

"ఇల్లు నా పేరు మీదున్నది. ఎన్నడన్న నిన్ను పొమ్మన్ననా?"

"పొమ్మనలే. పొమ్మంటే నాకేం దిక్కు లేదని ఆ సారు ఇయ్యాల చెప్పిండు."

దేవమ్మకు రోషమొచ్చింది. "నేను లేకుంటే ఈ ఇంట్ల అడుగు పెడుదువా నువ్వు?"

"నేను రాలేదక్కా. నువ్వు తెచ్చినవు. బావకు ఇస్తున్నమని నాకు చెప్పింది పెండ్లికి ముందురోజు. ఇష్టమా అని ఒక్కరన్న అడిగిండ్రా?"

సుమిత్ర ఇద్దరి మధ్యా కాసేపు నిలబడింది. చివరికి దేవమ్మ పక్కనే కూర్చుని, "నువ్వు మంచిదానివే పెద్దమ్మా. గని అమ్మ అడిగింది పైసలు కాదు" అంది.

వారం తిరక్కుండానే కౌసల్య ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట పనికి కుదిరింది. పీఎఫ్ కాగితాల మీద తన పేరు తానే కూడబలుక్కుని రాసిందని సుమిత్ర చెప్పింది. పొద్దున్నే కౌసల్య వెళ్లిపోతే దేవమ్మ ఒక్కతే ఇల్లంతా తిరిగేది. చెల్లెలికి తానే బతుకిచ్చానని ఇన్నేళ్లూ అనుకుంది. ఊళ్లో వాళ్లు కూడా ఆమె మనసు పెద్దదన్నారు. ఆ మాటల చాటున ఆనాడు తనకు కలిగిన భయాన్ని ఆమె ఎప్పుడూ తిరిగి చూసుకోలేదు. ఇప్పుడు చేసే పని లేదు, మాట్లాడే మనిషి లేదు. ఆ భయమే ఎదురొచ్చి కూర్చుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, కౌసల్య బట్టలు ఆరేస్తుంటే దేవమ్మ ఆమె దగ్గరికి వెళ్లింది.

"నీతోని ఒక్క మాట చెప్పాలె. బయటి పిల్ల వస్తే నన్ను వెళ్లగొడుతదని భయపడ్డ. చెల్లెవైతే నా మాటింటవని నిన్ను తెచ్చిన. నీ మంచికోసం కాదు కౌసల్యా, నాకోసమే."

కౌసల్య చేతిలోని చీర పిండుతూనే ఉంది. నీళ్లు ఎప్పుడో కారిపోయాయి.

"తెలుసక్కా" అంది. "నువ్వెన్నడు చెప్తవోనని చూసిన."

దేవమ్మ కూలబడి ఏడ్చింది. కౌసల్య చీర దండెం మీద పడేసి వచ్చి పక్కన కూర్చుంది.

"పింఛను రాసిచ్చెటందుకు లేదన్నరు గని, ఇల్లు నాదే. వకీలును అడిగిన, నీకు రాసిస్తే చెల్లుతదన్నడు" అంది దేవమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నీకిష్టమైతెనే. వద్దంటే వద్దు."

కౌసల్య రెండు రోజులు ఆలోచించుకుని, మూడో రోజు సరేనంది. రిజిస్ట్రారు ఆఫీసు పని సుమిత్ర దగ్గరుండి చూసుకుంది.

రిజిస్ట్రేషన్ అయిపోయి ముగ్గురూ ఇంటికొచ్చాక దేవమ్మ గుమ్మం దగ్గరే ఆగింది.

"ఇగ నేను నీ ఇంట్ల ఉండేదాన్ని. ఉండనిస్తవా?"

నవ్వుతాలుకే అంది గానీ గడప దాటలేదు. కౌసల్య ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"ఉండు. క్యాంటీన్ పని మాత్రం ఇడువ. ఇంకొక్కటి, నన్నడగకుంట ఇగ నా గురించి ఏదీ ఖరారు చెయ్యకు."

"చెయ్య. ఇప్పటిసంది అన్నీ అడుగుత." దేవమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. "చెప్పు మరి, ఇయ్యాల ఏం వండుమంటవు?"

కౌసల్య నోరు తెరిచి ఆగిపోయింది. ఆయనకేది ఇష్టమో, అక్కకు ఏది పడుతుందో, బిడ్డ ఏది తింటుందో అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. తనకేం కావాలో వెతుక్కోవడానికి కాస్త సమయం పట్టింది.

"పచ్చిపులుసు చెయ్యక్కా" అంది. "జెర కారం ఎక్కువెయ్యి."