జంకుతీత

చంద్రుడి మీద తెలుగువాళ్లు కట్టుకున్న కాలనీ వెన్నెలవాడ. అక్కడ యంత్రాలు రోజుకు లక్ష కథలు పోగుపోస్తాయి. అందుకే మనిషి రాసిన కథను ఆ మనిషే వెళ్లి, సంపాదకుడి ఎదుట నిలబడి అమ్ముకోవాలన్నది ఆచారం. రాతలో పులులైనవాళ్లు కూడా సంపాదకుడి గదిలో పిల్లులైపోయేవారు. వకుళ అనే రచయిత్రి అయితే మరీనూ. "ఏదో రాశానండీ, నచ్చితే వేసుకోండి, డబ్బులేం వద్దు" అని కథ అక్కడ పెట్టి పారిపోయి వచ్చేది. కొత్తగా రాసిన ఈ ఒక్క కథా అమ్ముడుపోకపోతే రాయడం మానేసి ఆక్సిజన్ ప్లాంటులో చేరిపోదామని నిశ్చయించుకుంది.

ఇలాంటివాళ్ల కోసమే డాక్టర్ పరాంకుశం 'జంకుతీత' కనిపెట్టాడు. చెవి వెనక అంటించుకునే చిన్న బిళ్ళ అది. మెదడులో న్యూరాన్లు పుట్టించే బెరుకు సంకేతాన్ని పసిగట్టి, దానికి సరిగ్గా ఎదురు సంకేతం పంపి అణిచేస్తుంది.

వకుళ బిళ్ళ అంటించుకుని, పరాంకుశాన్ని వెంటబెట్టుకుని సంపాదకుడు శరభయ్య దగ్గరికి వెళ్లింది.

"ఇది మంచి కథ. ఊరికే ఇవ్వను," అంది. ఆ గొంతు విని తనకే ముచ్చటేసింది.

శరభయ్య చదివాడు. "కథ బాగుంది. ముగింపు చెత్త. మార్చండి."

"మార్చను."

"అయితే వేసుకోను."

అరగంట గడిచినా ఎవరూ మెట్టు దిగలేదు. పరాంకుశానికి అనుమానమొచ్చి శరభయ్య చెవి వెనక్కి తొంగిచూశాడు. అక్కడా ఓ బిళ్ళ!

"ఇద్దరికీ ఉంటే ఇది తెల్లారదు. తీసెయ్యండి బాబూ!"

తీశారు. శరభయ్య వెంటనే నీరుగారిపోయాడు. "చెత్త అని ఉండకూడదమ్మా, ఏమీ అనుకోకండి. కాస్త మారిస్తే బాగుంటుందేమోనని..."

"అయ్యో, మీరు పెద్దవారు..." అని మొదలుపెట్టింది వకుళ. 'మార్చేస్తానండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ముగింపు కోసం నెలల తరబడి తాను పడ్డ పాట్లు గుర్తొచ్చాయి. అరచేతులకు చెమట పట్టింది, మోకాళ్లు వణికాయి. భయం భయంగానే అంది: "ముగింపు మాత్రం... మార్చనండీ."

శరభయ్య కథను మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. "బిళ్ళ పెట్టుకుని మార్చనన్నవాళ్లను పొద్దుటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఇంత వణుకుతూ కూడా మీరు అన్నారంటే, నేనే సరిగ్గా చదవలేదేమో."

చదివాడు. కొన్నాడు. వెన్నెలవాడలో అందరూ తేలుతూనే నడుస్తారు గానీ, వకుళ ఆ రోజు ఇంకాస్త ఎక్కువ తేలింది.

సంగతి ఊరంతా పాకింది. వారం తిరిగేసరికి పరాంకుశం ఇంటిముందు రచయితలు బారులు తీరారు. పాపం, జంకుతీతకు గిరాకీ ఇంకా పెరిగిందనుకుని ఆయన గబగబా బిళ్ళలు పట్టుకొచ్చాడు.

"అవి కాదండీ డాక్టరు గారూ," అన్నాడు ముందు నిలబడ్డాయన, గొంతులో తొట్రుపాటన్నదే లేకుండా. "కాళ్లూ చేతులూ వణికించే బిళ్ళ ఏదైనా ఉంటే ఇప్పించండి."