సమ్మక్క జీతం

అబిడ్స్‌లో బట్టల కొట్టు మేడమీదున్న గదిలోకి వరప్రసాద్ రొప్పుతూ వచ్చేసరికి డిటెక్టివ్ రాధాకృష్ణమూర్తి టీ సాసర్లో పోసుకుంటున్నాడు.

"రాత్రి నిద్రలో మా అమ్మ పుస్తెలతాడు ఎవరో తెంపుకుపోయారండీ. పొద్దున మా ఆవిడ చూసి అడిగేదాకా తెలీలేదు. పనిమనిషి సమ్మక్క మీదే అనుమానం. మీరు గదమాయిస్తే కక్కేస్తుంది. లేదా, సాయంత్రానికి ఠాణాలో ఉంటుంది."

"ఆమె చేసే పని?"

"మా నాన్నకి కాపలా. మతి పోయింది. రిటైరైనా రోజూ ఆఫీసుకంటూ నాంపల్లి స్టేషన్ దాకా వెళ్ళిపోతారు."

"జీతం?"

"అమ్మే ఏదో ఇస్తుంది. నాన్న పింఛను ఇంటద్దెకే చాలదు."

మూర్తి అసిస్టెంటు గట్టయ్యకు ఒళ్ళు మండింది. ఏది పోయినా ముందు పనిమనిషే దొంగ. అయినా గురువు మీద నమ్మకంతో వెంట బయల్దేరాడు.

నాంపల్లిలో వరప్రసాద్ వాళ్ళది రెండు గదుల వాటా. గుమ్మంలో గొడుగు పట్టుకుని ముసలాయన. "బస్సొచ్చిందా?"

"వస్తది సారూ, జర కూసో," అంటూ సమ్మక్క ఆయన చెయ్యి వదల్లేదు. ఆమె కళ్ళు ఏడ్చి ఉబ్బాయి.

ముసలాయన భార్య సుబ్బరత్నం మెడలో పసుపుతాడుంది. పసుపు వెలిసి, ముడి దగ్గర మురికి పట్టింది. దానికున్న పసుపుకొమ్ము అరిగి నున్నబడింది.

"ఇదెప్పుడు కట్టుకున్నారమ్మా?" మూర్తి అడిగాడు.

"పొద్దున్నే బాబూ. బోసిమెడతో ఉండకూడదుగా."

మూర్తి అందర్నీ కూర్చోబెట్టాడు.

"పొద్దున కట్టిన తాడైతే పసుపు చేతికంటాలి. ఇది నెలలనాటిది. మన ఆడవాళ్ళు ముందు పసుపుతాడు కట్టుకుని, తరవాతే పుస్తెలు తీస్తారు. దొంగ అంతసేపు ఆగడు. ఈ తాడు ఇన్నాళ్ళూ పైటకింద ఉంది, ఇవాళ కోడలి కంటపడింది. అడిగేసరికి దొంగ పుట్టాడు. దొంగతనం లేదు."

సుబ్బరత్నం తలొంచుకుంది. "అమ్మేశాను. సమ్మక్క జీతానికి. వీణ్ణడిగితే, జీతమెందుకు, గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యమన్నాడు."



"గా పుస్తెలేనా నేను తిన్నది?" అంది సమ్మక్క. "నన్ను దొంగంటుంటె నోరు మూసుకొని కూసుంటివి గదమ్మా." ముసలాయన చెయ్యి వదిలి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. ఆగమనే మొహం ఎవరికీ లేదు.

ముసలాయన మెల్లగా భార్య దగ్గరికొచ్చి మెడలో పసుపుకొమ్ము చూశాడు.

"కొత్త పెళ్ళికూతురివా అమ్మా? మీ ఆయనేడీ?"

"ఆఫీసుకెళ్ళారండీ," అంది సుబ్బరత్నం.

వరప్రసాద్ లేచి వెనకగది తలుపు గొళ్ళెం లాగి చూశాడు. గట్టిగానే ఉంది.