ఆగయ్య గోళ్లు

2024 జూలై 9, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. గాలి బొత్తిగా లేదు. అలాంటి రోజుల్లో నాచారం వాసనలు పైకి పోవు. ఒక వీధిలో మసాలా, పక్క వీధిలో కాలిన ప్లాస్టిక్, మలుపు తిరిగితే నాలా. ఆగయ్య దొడ్డి దగ్గర మాత్రం మేకల కంపు అన్నిటినీ మింగేసేది. రెండు ఫ్యాక్టరీ గోడల మధ్య ఇరుకు జాగా అది. ఒకప్పుడు అక్కడ జొన్నచేను ఉండేదని, సీతాఫలం పొదల్లో నక్కలు తిరిగేవని ఆగయ్య చెబితే పెద్దకొడుకు కరుణాకర్ నవ్వేవాడు. నిజానికి నక్కలు ఉండేవి. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

బోనాలకు అమ్ముదామని, గుజరాత్ నుంచి లారీలో వచ్చిన మేకల్లో పదకొండింటిని పది రోజుల ముందు దించుకున్నారు. వాటి చెవుల కింద, తోకల మొదట్లో గోమార్లు. నెత్తురు తాగి శనగగింజంత ఉబ్బినవి. ఆగయ్యకు చేతులు ఊరుకునేవి కావు. మేక చెవి ఎత్తి పట్టి, గోమారిని పీకి, రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య నొక్కేవాడు. టప్. ఆ తడిని సున్నం గోడకు రాసేవాడు. గోడ నిండా ఎండిన గోధుమరంగు గీతలు. అదే చేత్తో తంబాకు నలిపి పెదవి కింద పెట్టుకునేవాడు.

"మామా, మేకలకు గోమార్ల షాంపూ పెట్టరాదు, చేతులన్న కడుక్కోరాదు," అనేది కోడలు ఆశ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"నీ షాంపూకంటె నా గోరు నయం బిడ్డా. రూపాయి ఖర్చు లేదు."

ఆ మంగళవారం సాయంత్రమే అతనికి జ్వరం వచ్చింది. వీధి చివరి డాక్టరు డెంగ్యూ అన్నాడు. వానాకాలంలో ఈ ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పేది అదే. బొప్పాయి ఆకు రసం పోశారు. శుక్రవారం నాటికి చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. సూది గుచ్చిన చోట చర్మం నేరేడుపండులా కమిలింది. తాగిన రసం ఎర్రటి ముద్దలతో కలిసి తిరిగి వచ్చింది. గిన్నె అందక కరుణాకర్ దాన్ని రెండు దోసిళ్లలో పట్టాడు. వెచ్చగా, జిగటగా, వేళ్ల సందుల్లోంచి జారింది.

ఉప్పల్ చౌరస్తా దగ్గరి ఒక ప్రైవేటు దవాఖానాలో చేర్చారు. సెలైన్ పెట్టడానికి వచ్చిన నర్సు ఎలిజబెత్ ముసలాయన చేతిని ఎత్తి, గోళ్లు చూసి ఆగిపోయింది.

"మేకలున్నయా మీ ఇంట్ల?"

"పదకొండు ఉన్నయి సిస్టర్."

"గోమార్లు చేత్తోనే పీకుతడా?"

"పీకి నలుపుతడు. మా దిక్కు అందరు చేసేదే గదా."

ఆమె చేతిని మెల్లగా కింద పెట్టింది. రెండు జతల గ్లౌజులు, గౌను, కళ్లద్దాలు వేసుకుని వచ్చాకే మళ్లీ ముట్టుకుంది.

"గోమార్ల నుంచి వచ్చే నెత్తురు జ్వరం కావచ్చు. మనిషి నెత్తురుతోని, వాంతితోని గూడ అంటుకుంటది. నువ్వేమన్న ముట్టుకున్నవా?"

కరుణాకర్ తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

ఆగయ్యను వేరే అద్దాల గదిలోకి మార్చారు. రక్తం నమూనా ఒక డబ్బాలో, దాన్ని మరో డబ్బాలో పెట్టి మూసి పుణె ల్యాబుకు పంపారు. ఆదివారం జవాబు వచ్చింది. అదే జ్వరం. మందు అప్పటికే మొదలుపెట్టారు, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నారు. కానీ ఆలస్యమైంది. అద్దం అవతల ఆగయ్య తన చేతుల మీది నల్లమచ్చలను గిల్లి, గోళ్ల మధ్య నలుపుతున్నాడు.

"ఇగో... ఇంకోటి."

"ఏం లేవు తాతా," అంది ఎలిజబెత్.

అతను అద్దంలోంచి కొడుకును చూశాడు. పళ్ల మీద నెత్తురు అట్టకట్టింది.

"నీ చెవెనక ఒకటుందిరా. దగ్గర్కి రా... తీస్త."

సోమవారం పొద్దున పోయాడు. శవాన్ని రెండు పొరల సంచిలో మూసి తీసుకెళ్లారు. నాగోల్ నుంచి వచ్చిన చిన్నకొడుకు నరేందర్ దవాఖానా గేటు దాటి లోపలికి రాలేదు.

ఆనాటి నుంచి పద్నాలుగు రోజులు విడిగా ఉండాలని లెక్క. జ్వరం వస్తే తండ్రి దారే. కరుణాకర్ దొడ్డి పక్క గదిలో, ఆశ లోపలి గదిలో. ఆరోగ్య కార్యకర్త దీప పూటపూటా వచ్చి, నుదుటికి జ్వరం చూసే గన్ పెట్టి, అంకె రాసుకునేది. అతను అద్దంలో చిగుళ్లు చూసుకునేవాడు. దోమ కుట్టినా గోమారేమోనని చొక్కా విప్పి వెతుక్కునేవాడు. పశువుల డాక్టరు మందు కొట్టించాక మేకల మీద ఒక్క గోమారి కూడా మిగల్లేదు.

పదమూడో రోజు, దీపాలు పెట్టే వేళ. వాన. కిటికీలోంచి చూస్తే మేకలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు.

మొదటి మేక చెవి పైకి లేచింది. విదిలించలేదు. ఎవరో ఎత్తి పట్టుకున్నట్టు... అలాగే ఉండిపోయింది.

టప్.

చెవి వాలింది. రెండో మేక చెవి లేచింది. టప్. మూడోది... నాలుగోది... పదకొండోది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. గదిలో తంబాకు వాసన. దాని కింద కుళ్లిన నెత్తురు వాసన.

అతని కుడిచెవి మెల్లగా ముందుకు మడత పడింది. రెండు వేళ్లు. తడిగా, చల్లగా.

"కదలకు..."

అతను కదల్లేదు.

మర్నాడు పొద్దున దీప గన్ పెట్టింది. తెర మీద అంకె రాలేదు, ఒంటి వేడి కొలవలేనంత తక్కువని చెప్పే 'లో' వచ్చింది. గన్ దులిపి మళ్లీ పెట్టింది. 'లో'.

"బ్యాటరీ అయిపోయినట్టుందన్నా. నువ్వు మంచిగనే ఉన్నవ్. ఫికర్ లేదు, ముగ్గురిది క్లోజ్ జేస్తున్న."

"ముగ్గురేంది? నేను, ఆశ. ఇద్దరమే గదా."

"దొడ్డి గేటు కాడ కూసునే తాత లేడా? పేరడిగితె చెప్పడు. చెయ్యి చాపుతడు, గన్ పెడత." ఆమె రిజిస్టరు తిప్పి చూపించింది. మూడో గడిలో పదమూడు రోజులూ రెండు పూటలా 'లో'. "ఇయ్యాలనే తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు వచ్చింది. పాపం, తేరుకున్నడు."

ఆస్తి పంపకం పెద్ద పనేమీ కాలేదు. మేకలను చూసుకున్న కొడుకుకే అన్నీ అని ఆగయ్య ఎప్పుడో కాగితం రాయించాడు. దొడ్డి, పదకొండు మేకలు, చెంగిచెర్లలో నూరు గజాల ప్లాటు కరుణాకర్‌కు వచ్చాయి. ఎప్పుడో పోయిన అత్త చెవికమ్మలు ఆశకు. నరేందర్‌కు ఏమీ రాలేదు. కోర్టుకు పోతాడని అందరూ అనుకున్నారు. ఒప్పుదల కాగితం మీద సంతకానికి వచ్చి, గడప బయటే నిలబడ్డాడు. అన్న ముఖంలోకి, తర్వాత అతని బొటనవేళ్ల గోళ్ల కింద ఎండిన నెత్తురు వైపు చూశాడు.

"నాకేం వద్దన్నా," అన్నాడు. "పెన్ను చేతికియ్యకు. గా బల్ల మీద పెట్టి, నువ్వు జర దూరం జరుగు."