మూడాకుల రెమ్మ

"శాంతి చర్చల పెద్దలు రేపు హెలికాప్టర్లో వస్తున్నారు. విదేశీ ముఠా దుంబర కొండ మీద దొంగ బీకన్, అంటే తప్పుదారి పట్టించే సిగ్నల్ పెట్టె, పెట్టింది. పైలట్ దాన్ని నమ్మితే పొగమంచులో నేరుగా బండకు గుద్దుకుంటాడు. దాన్ని పగలగొట్టు, తిలకసిరీ," అన్నాడు చీఫ్, బెల్లం కొరికి టీ చప్పరిస్తూ. "ముఠాలో ఉన్న మన మనిషి ఇనోక దారి చూపిస్తుంది."

మర్నాడు తెల్లవారగానే అడవి అంచున ఇనోక ఎదురుచూస్తోంది. ఎర్ర లిప్‌స్టిక్, మొక్కల పరిశోధకురాలి వేషం.

"ఏలకులు పండాయా?" అన్నాడు తిలకసిరి.

"కోతులు మిగిల్చినవే."

కోడ్ సరిపోయింది. అడవిలోకి వెళ్ళేవాళ్ళ ఆనవాయితీ ప్రకారం, కొండ క్షేమంగా దించమని అడవిని కాచే అయ్యనాయక దేవుడికి మొక్కి చెరో రెమ్మ కొమ్మకు వేలాడదీశారు. ఇనోక తన రెమ్మకు మూడాకులే ఉంచి మిగతావి దూసేసింది.

"మా అమ్మమ్మ నేర్పింది," అని నవ్వింది.

ఇక జలగలే. సాక్సుల్లో, నడుం దగ్గర, చెవి వెనక. సిగ్నల్ డిటెక్టర్ తెరిస్తే అందులోంచీ ఒకటి పాకింది. మిషను చచ్చింది. తిలకసిరి జలగల్ని పీక్కోలేక అవస్థ పడ్డాడు. వాటి మీద పోసుకోమని ఇనోక నిమ్మ ఉప్పునీళ్ళ సీసా అందించింది. ఆ కాస్త దయకే అతని మనసు మెత్తబడింది.

దారి చీలింది.

"ఎడమకి, అన్నా. కుడివైపు నేనెప్పుడూ పోలేదు. అంతా కూలిన బండలే."

కుడిదారి మొదట్లో ఒక రెమ్మ వేలాడుతోంది. కాస్త వాడింది. మూడాకులే. అంటే నిన్న ఇనోక ఇటే వెళ్ళింది.

జలగల మీద కలగని రోత అప్పుడు కలిగింది. మనుషుల్ని చంపే పెట్టె మోసుకెళ్తూ, తన ప్రాణం మాత్రం కాపాడమని మొక్కుకుందన్నమాట!

"నిన్న దేవుణ్ణి ఏం అడిగావు, చెల్లీ?"

ఆమె చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. తిలకసిరి సీసాలోని ఉప్పునీళ్ళు ఆమె కళ్ళలో కొట్టి పిస్టల్ లాక్కున్నాడు. ఆమెను బేడీలతో చెట్టుకు కట్టేసి కుడిదారిన పరుగెత్తాడు.

మంచులో హెలికాప్టర్ మోత. ప్లాస్టిక్ ఆకుల కింద పెట్టె మిణుకుమిణుకుమంటోంది. వైరు లాగాడు, రాలేదు. బూటుతో ఒక్క తన్ను తన్నాడు. పెట్టె లోయలో పడి పగిలింది. మంచు చీల్చుకుని వచ్చిన హెలికాప్టర్, అతని టోపీ ఎగరగొట్టి, చివరి క్షణంలో పైకి లేచిపోయింది.

తిరిగొచ్చి ఇనోకను విప్పి, బేడీలతోనే కిందికి నడిపించాడు. ఆమె మెడ మీది జలగను నలపకుండా తీసి ఆకు మీద వదిలాడు.

"దేవుడు నా మాట వినలేదు," అంది.

"విన్నాడమ్మా. కాలు జారలేదు, పాము కరవలేదు, క్షేమంగా దిగుతున్నావు. బేడీల సంగతి నువ్వు అడగలేదు."