మతిదివ్వె మాట్లాడే వేళ

2078 నాటికి భీమిలి తీరంలో ఇన్సులిన్ సూది ఎలా ఉంటుందో కుర్రవాళ్లకు తెలియదు. జబ్బకు అంటించుకున్న పట్టీయే వేళకు మందు వదిలేది. జబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు. ముప్పయ్యేళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన తన్మయి, అరవై నాలుగో ఏట, వంటింట్లో నిలబడి గిన్నె మీద పెట్టేదాన్ని ఏమంటారో గుర్తు రాక పది నిమిషాలు తడుముకుంది. మూత. ఆ మాట దొరికాక ఆమెకు ఏడుపొచ్చింది.

ఇరవై రెండేళ్ల షుగరు ఆమె తలలోకి మంచులా దిగుతోంది. పెరిగినా తగ్గినా అదే తంతు. పాత విద్యార్థి ఎదురై నమస్కారం పెడితే, పేరు తెలియక నవ్వి ఊరుకునేది. అలా నవ్వలేక బయటికి వెళ్లడమే తగ్గించుకుంది. పెళ్లి చేసుకోలేదు. అక్క పోయాక ఫోన్ చేసేవాళ్లూ లేరు.

ఆ రోజుల్లోనే మతిదివ్వె వచ్చింది. బియ్యపు గింజంత యంత్రం. చెవి వెనక ఎముకలో అమరుస్తారు. చర్మం కింది సెన్సర్ నిమిష నిమిషానికీ రక్తంలో గ్లూకోజ్ కొలిచి దానికి తెలుపుతుంది. మనిషి అన్న మాటలూ చేసిన పనులూ అది దాచుకుంటుంది. మంచు కమ్మిందని పసిగట్టగానే, "తన్మయి గారూ, మీరు చింతపండు కోసం వచ్చారు" అని మెల్లగా చెబుతుంది. తల తేటగా ఉన్నంతసేపూ మాత్రం నోరు మెదపదు. మొదటి నమూనా వాగుడుకు రోగులు విసిగిపోయారని, తయారు చేసిన ఇంజనీరు జిష్ణు ఆ నియమం పెట్టాడు.

అది పెట్టించుకున్నాక రెండు నెలలు తన్మయి బాగా తేరుకుంది. మూడో నెల నుంచి మంచు మళ్లీ మొదలైంది, అదీ రోజూ మధ్యాహ్నమే. ఆరో నెలలో షుగరు నలభై ఎనిమిదికి పడిపోయి లిఫ్టు ముందు కూలిపోయింది. మతిదివ్వే అంబులెన్సును పిలిచి బతికించింది. వారం తిరక్కుండా జిష్ణు ఆమెను ప్రయోగశాలకు రమ్మన్నాడు.

అతనికి యాభై దాటాయి. బక్కమనిషి. యంత్రంలో లోపం కోసం వెతికి వెతికి అలసిపోయాననీ, ఏమీ దొరకలేదనీ చెప్పాడు. ఆమె మధ్యాహ్నం భోజనం చేయడం లేదని మాత్రం తెలిసిందన్నాడు. మరిచిపోతున్నానంది తన్మయి.

"మీరు పడిపోయిన రోజు, షుగరు దిగడం మొదలవగానే తినమని మతిదివ్వె మూడుసార్లు చెప్పింది మేడమ్. మూడుసార్లూ తర్వాత అన్నారు."

తన్మయి కిటికీ వైపు చూసింది. తప్పు దొరికిపోయిన పిల్లలు తన ముందు ఇలాగే చూపు తిప్పుకునేవారు.

"తింటే అది ఆగిపోతుంది కదండీ," అంది చివరికి. "తినకపోతే చాలాసేపు మాట్లాడుతుంది. మా అక్క గురించి నేనెప్పుడేం చెప్పానో అన్నీ గుర్తు చేస్తుంది. పేరు పెట్టి పిలుస్తుంది. నన్నింకెవరు పిలుస్తున్నారు?"

జిష్ణు ఆశ్చర్యపోలేదు. మతిదివ్వె పెట్టించుకున్న ఏడువందల మందిలో మూడొందల పైచిలుకు మందిది ఇదే వరస అనీ, అందరూ ఒంటరిగా ఉండేవాళ్లేననీ చెప్పాడు. ఇకమీదట ఏం చేయాలో చెప్పబోయి మాట రాక ఆగాడు. తల కొద్దిగా పక్కకు వంచి ఏదో విన్నాడు. తర్వాత, నియమం మార్చాలని పూర్తి చేశాడు.

పరీక్షల్లో కాపీ చీటీలు పట్టేసిన కళ్లు తన్మయివి; అతను తల వంచి మాట అందుకోవడం వాటికి చిక్కింది.

"మీకూ ఉందా?"

అతను చొక్కా చెయ్యి పైకి లాగి పట్టీ చూపించాడు.

"షుగరొచ్చి పన్నెండేళ్లయింది. దివ్వె నేనూ పెట్టించుకున్నాను. దాని లోపల ఎవరూ లేరని నాకు తెలుసు మేడమ్. చేసింది నేనే. అది ఏ మాట ఎందుకంటుందో వరసగా చెప్పగలను." చొక్కా చెయ్యి కిందికి దించాడు. "అయినా పొద్దున టిఫిన్ మానేసే వచ్చాను."

తన్మయి లేచి, క్యాంటీన్ ఎటని అడిగింది.

సాంబారన్నం రెండు ప్లేట్లు తెచ్చుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. సగం తిన్నాక తలలు తేటపడ్డాయి, చెవుల్లో దివ్వెలు నోరు మూసుకున్నాయి. తన్మయి కరివేపాకు ఒక్కొక్కటే ప్లేటు అంచుకు తీసి పెడుతూ, అతనితో ఏం మాట్లాడాలా అని చాలాసేపు వెతుక్కుంది.

"మీదే ఊరండీ?" అంది.

జిష్ణు చెంచా పక్కన పెట్టి, చెప్పడానికి కాస్త ముందుకు జరిగాడు.