ఎర్ర దారం కట్టిన టమాటా

"అది పండలేదే! కాయని పట్టుకొచ్చి పండంటావేంటి?"

లంచ్ బ్రేకులో ఆ మాటన్నది లాయరు. నిజం లాయరు కాదు, ఐదో తరగతి పిల్ల. ప్రతిదానికీ వాదిస్తుంది కాబట్టి క్లాసంతా అలాగే పిలుస్తుంది.

ఆవేళ వాదన తూనీగతో. ఒక్క చోట కుదురుగా ఉండదని ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు అది. తూనీగ లంచ్ బాక్సులో ఒక టమాటా ఉంది. పిడికెడు లావు, నిమ్మపండు రంగు.

"పండే ఇది. మా ఇంటి టమాటాలు పండినా ఎర్రబడవు."

"కోతలు కొయ్యకు. లోపల పచ్చిగా ఉంటుంది. పందెం!"

చుట్టూ నలుగురు మూగారు. చూపించి మళ్లీ ఇంటికి పట్టుకెళ్లిపోదామనే తూనీగ దాన్ని తెచ్చింది. కానీ అందరి ముందూ అబద్ధాలకోరు అనిపించుకోవడం ఎవరికిష్టం? టమాటాని బాక్సు మూతలో పెట్టి, స్టీలు స్కేలుతో రెండు ముక్కలు చేసింది. లోపలా పసుపే. రసం మూతంతా కారింది. పిల్లలు తలా కాస్తా అందుకున్నారు.

"తియ్యగా ఉందే!" అంది లాయరు వేళ్లు నాకుతూ. "సరే, ఓడిపోయాను."

గెలిచిన సంబరం బెల్లు మోగేదాకా ఉంది. బాక్సు సర్దుతుంటే జేబులో ఎర్ర దారం తూనీగ వేలికి తగిలింది. అంతే, గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి.

ఆ దారం నాయనమ్మ కట్టింది. ఏటా పెరట్లో అన్నిటికంటే బలమైన మొక్కని చూసి, దాని మంచి పండుకి ఎర్ర దారం కడుతుంది. అది విత్తనాల పండు. ఎవరూ ముట్టుకోకూడదు. ఈసారి ఆకుముడత తెగులు వచ్చి మొక్కలన్నీ ముడుచుకుపోయాయి. ఒక్కటే నిలబడింది. దాని పండ్లన్నీ తినేయగా మిగిలింది ఆ దారం పండే. ఆ గింజలు బజార్లో దొరికేవి కావు. నాయనమ్మకి వాళ్లమ్మ ఇచ్చినవి.

"ఇవాళ సాయంత్రం కోసి గింజలు తీస్తాను" అని పొద్దున్నే చెప్పింది కూడా. ఎలాగూ కోసేదే కదా, దారం విప్పి పట్టుకెళ్లి సాయంత్రంలోగా తెచ్చేస్తే ఏం పోతుంది అనుకుంది తూనీగ. పోయింది మరి!

మధ్యాహ్నం లెక్కల టీచరు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ కునుకు తీస్తోంది. నాన్న ముందుగదిలో కుట్టుమిషను మీద ఉన్నాడు. తూనీగ బాక్సుని సింకులో పడేసి, చప్పుడు కాకుండా పెరట్లోకి వెళ్లింది.

గోడవారన ముడత మొక్కకి ఒక పసుపు పండు వేలాడుతోంది. చిన్నదే. అయినా పసుపే కదా! దాన్ని కోసి, తొడిమకి ఎర్ర దారం కట్టి, నాయనమ్మ గిన్నెలో పెట్టింది.

"కోసేశావా? నన్ను లేపొద్దూ!"

వెనకే నాయనమ్మ గొంతు. తూనీగ ఉలిక్కిపడింది.

"నీకెందుకు శ్రమ అని నేనే కోశాను."

నాయనమ్మ పండుని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "పొద్దున ఇంకా లావుగా కనిపించిందే..."

"నువ్వు కళ్లజోడు పెట్టుకోలేదుగా, నాయనమ్మా."

"అవును తల్లీ, ముసలి కళ్లు." నాయనమ్మ నవ్వింది. ఆ నవ్వు చూస్తే తూనీగకి ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

నాయనమ్మ గట్టు మీద కూర్చుని చాకు అందుకుంది. "ముడత మొక్క గింజ నాటితే, వచ్చే ఏడు పెరడంతా ముడతే. అందుకే ఏరి ఏరి దారం కట్టేది. మంచి గింజ ఒక్కటి దక్కినా చాలు, మళ్లీ పెరడు నిండుతుంది."

ఒక్క గింజ!

సరిగ్గా అప్పుడే వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడైంది. నాన్న మిషను ఆపి గిన్నెలు కడగడానికి వచ్చాడు. తూనీగకి రసం కారిన మూత గుర్తొచ్చింది. ఆ మూత ఇప్పుడు సింకులో ఉంది.

అరిస్తే తన గుట్టు బయటపడుతుంది. అరవకపోతే గింజలన్నీ నీళ్లపాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుళాయి నీళ్లు పోతూనే ఉన్నాయి.

"నాన్నా! ఆపు! మూత కడక్కు!"

ఒక్క పరుగున వెళ్లి నాన్న చేతిలోంచి మూత లాక్కుంది.

"ఏమైందే? తేలు గానీ కుట్టిందా?" అన్నాడు నాన్న, సబ్బు చేతులతో అలాగే నిలబడి.

మూతలో సగం నీళ్లు. తూనీగ టీ వడకట్టే జాలీ అందుకుని, ఆ నీళ్లు మెల్లగా దాంట్లోకి వంచింది. అడుగున గింజలు మిగిలాయి. తొమ్మిది. మిగతావి అప్పటికే కొట్టుకుపోయాయి.

గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. తూనీగ జాలీ పట్టుకునే అంతా చెప్పేసింది. పందెం, స్కేలు, ముడత మొక్క, దారం. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది.

నాయనమ్మ చేతిలోని చిన్న పండుకున్న దారం విప్పి వేలికి చుట్టుకుంది.

"పండు కోసినందుకు కాదే. కళ్లజోడు పెట్టుకోలేదుగా అన్నావు చూడు, అదే గుచ్చుకుంది."

నాయనమ్మ ఒక గాజు గ్లాసులో కాసిని నీళ్లు పోసి తూనీగ ముందు పెట్టింది. తూనీగ తొమ్మిది గింజలూ అందులో వేసింది.

మూడు రోజులు నానాక కడిగి, కాగితం మీద ఆరబెట్టారు. అదను చూసి నాటితే ఐదు మొలిచాయి. తూనీగ రోజూ లెక్కపెట్టుకునేది. ఐదూ బతికాయి.

మొక్కలు కాపుకొచ్చాక ఒకరోజు స్కూల్లో లాయరు అడిగింది. "ఒక్క పండు పట్టుకురావే. కొత్తగా చేరిన పిల్ల నమ్మట్లేదు."

"తీసుకురాను. ఆ పిల్లనే మా ఇంటికి తీసుకురా."

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. పెరట్లో అడుగుపెట్టగానే లాయరు నోరు కూడా మూతపడింది. పసుపు గుత్తులు నేల దాకా వంగి ఉన్నాయి.

నాయనమ్మ ఎర్ర దారం తూనీగ చేతికిచ్చింది. "మంచి పండు చూసి నువ్వే కట్టెయ్యవే. నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమో."

తూనీగ లోపలికి పరిగెత్తింది. మంచం కింద, కిటికీలో, మిషను మీద వెతికింది. దొరికాక గౌను అంచుతో అద్దాలు తుడిచి, తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వు చూశాకే కడతాను, నాయనమ్మా."