జంట తొడుగు

“అమ్మో, చాలు! ఆపెయ్యండి!”

ఆ కేక పెట్టింది నిహారిక కాదు, ఆవిడ మొగుడు వరుణ్. చెయ్యి ఆవిడది, కేక ఆయనది. భార్య ఎడమచేతిని భుజం ఎత్తుకైనా తేకుండానే వదిలేసి, తన చంక పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

“నాకింకా లాగనే లేదండీ,” అంది నిహారిక నీరసంగా.

ఎదురుగా కూర్చున్న డాక్టర్ ఆశీర్వాదం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈ బాగోతం ఆయనకి కొత్త కాదు.

సముద్రం ముందుకొచ్చాక కాకినాడ సగం ఇనప స్తంభాల మీదికి ఎక్కింది కదా, ఆ స్తంభాల మీది ఆస్పత్రిలో సంగతి ఇది. నిహారికకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. గడ్డతో పాటు చంకలో ఉండే లింఫ్ నోడ్స్ కూడా కొన్ని తీసేశారు. కుట్లు మానాయి, మనిషి తేరుకుంది, హమ్మయ్య అనుకునేలోపు చంకలోంచి మోచేతి దాకా చర్మం కింద సన్నటి తాళ్లు తేలాయి. చెయ్యి ఎత్తబోతే చాలు, బట్టలారేసే తీగలా బిగుసుకుంటాయి. దీన్ని కార్డింగ్ అంటారు. ప్రాణం తీసే జబ్బేం కాదు, నెమ్మదిగా సాగదీస్తూ ఉంటే చాలామందికి సర్దుకుంటుంది. కాని నిహారికకి అంత వ్యవధి లేదు. రేడియేషన్ ఇవ్వాలి. చెయ్యి తలపైకి పెట్టి కదలకుండా పడుకుంటేనే ఆ కిరణాలు పడాల్సిన చోట పడతాయి. ఇప్పటికే ఒకసారి వాయిదా వేశారు. ఇంక ఆలస్యం మంచిది కాదని మొహం మీదే చెప్పేశారు.

అందుకే ఈ జంట తొడుగులు. ఒకటి రోగి చేతికి, రెండోది సాయం చేసేవాళ్ల చేతికి. రోగి తొడుగులోని సెన్సర్లు ఆ తాళ్ల బిగువునీ, నరాలు చెప్పే నొప్పినీ చదివి, ఉన్నదున్నట్టు రెండో చేతికి పంపిస్తాయి. గుడ్డిగా లాగితే చెయ్యి వాచిపోతుంది, భయపడి వదిలేస్తే ఇంకా బిగుసుకుంటుంది. ఎందాకా పోవాలో, ఎక్కడ ఆగాలో సాయం చేసేవాళ్లకి తమ చెయ్యే చెబుతుందన్నమాట. ఎదుటివాళ్ల నొప్పి మనకి తెలిస్తే వైద్యం సగం అయిపోయినట్టేనని డాక్టరు గారు ఊరూరా చెప్పుకొచ్చారు, పాపం.

మొదట ఫిజియోథెరపిస్టులకే తొడిగారు. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల నొప్పులన్నీ మోసి మోసి వాళ్లంతా సెలవు పెట్టి పారిపోయారు. దాంతో ఎవరి మనిషిని వాళ్లే తెచ్చుకోవాలని రూలు పెట్టారు. అందరూ బాగా ప్రేమించేవాళ్లనే వెంటబెట్టుకొచ్చారు. అదే కొంప ముంచింది.

“అది నొప్పి కాదు నాయనా, ఉత్త బిగువు. నొప్పి దాకా మీరు పోనే లేదు,” అన్నారు డాక్టరు గారు.

“ఇదంతా ఇది ఒక్కతే మోస్తోందని తెలిశాక ఇంకా లాగమంటే నా వల్ల కాదండీ!” అన్నాడు వరుణ్. కళ్లు తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు తలుపు తోసుకుని వచ్చిందెవరో చూసి నిహారిక బిత్తరపోయింది. సుదీక్ష! వరుణ్ తమ్ముడి భార్య, తనకి తోడికోడలు. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఇంటిల్లిపాదీ ఆవకాయ పెడుతున్న రోజున సుదీక్ష కలపబోతే, “నువ్వు ముట్టుకోకు తల్లీ, నీ చెయ్యి పడితే బూజు పడుతుంది” అని చుట్టాలందరి ముందూ అనేసింది నిహారిక. మనవాళ్లకి ఇదో పిచ్చి. చంద్రుడి మీద ఇళ్లు కట్టుకుంటున్నా సరే, ఆవకాయ కలిపే చెయ్యి మాత్రం మంచిదై ఉండాలి! సుదీక్ష కారం చేతిని కడుక్కుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

“బావగారు బతిమాలారు కాబట్టి వచ్చాను. మీ మీద ప్రేమ పొంగిపోయి కాదు,” అంది గోడకేసి చూస్తూ, తొడుగు వేసుకుంటూ.

“నేను రమ్మనలేదు.”

“ఎత్తండి చెయ్యి.”

ఎత్తింది. సుదీక్ష పట్టుకుని పైకి సాగదీస్తుంటే బిగువు మొదలైంది. సుదీక్ష దవడ బిగుసుకుంది గాని చెయ్యి ఆగలేదు. “నేను ఓర్చుకోవట్లా? మీరూ ఓర్చుకోండి!” అంది. బిగువు నొప్పిగా మారబోయే చోట ఇద్దరికీ ఒకేసారి తెలిసింది, అక్కడ ఆగింది. అప్పటికి నిహారిక చెయ్యి భుజం దాటింది.

డాక్టరు గారు నోరెళ్లబెట్టారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, ఇంతవరకూ బాగుపడ్డ ఇద్దరికీ సాయం వచ్చిందెవరో. ఒకావిడకి విడాకులిచ్చిన మొగుడు, ఇంకొకావిడకి పక్కింటి గోడ తగాదా మనిషి.

పోనీ అలాగే సాగినా బాగుండేది. ఒకరోజు సుదీక్ష చెయ్యి పట్టుకునే అడిగింది. “రాత్రి పడుకున్నా ఇలాగే లాగుతుందా?”

“ఊఁ.”

“మరి జడెలా వేసుకుంటున్నావు?”

“వేసుకోవట్లేదు.”

మర్నాడు దువ్వెన తెచ్చింది. చిక్కులు తీస్తూ, “ఇంత నొప్పి పెట్టుకుని ఎవరికీ చెప్పవేం అక్కా?” అని కోప్పడింది. ఆ తర్వాత క్యారేజీలో కూరలు రావడం మొదలైంది. నిహారికకి పొద్దున్నే లేస్తూనే ఆస్పత్రికి వెళ్లాలనిపించేది. అమ్మ పోయాక అంత మనసు విప్పి ఎవరితోనూ మాట్లాడలేదు. చెయ్యి మాత్రం చెవి దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడికి రాగానే సుదీక్ష కళ్లు చెమర్చేవి, పట్టు వదిలేది.

రేడియేషన్ సోమవారం. శనివారం కూడా అంతే. “చాలక్కా, ఇవాళ్టికి చాలు. నిన్ను చూడలేకపోతున్నాను,” అంది సుదీక్ష.

“ఇంకొక్క జానెడమ్మా,” అన్నారు డాక్టరు గారు దిక్కుతోచక.

నిహారిక కళ్లు మూసుకుంది. బతకాలని ఉంది. ఇంకా చాలా ఏళ్లు బతకాలని ఉంది. ఏం అంటే ఈ చెయ్యి ఆగదో తనకి తెలుసు. అనడానికే నోరు రావడం లేదు. చివరికి అనేసింది.

“నిన్నటి కూర పారబోశాను సుదీక్షా. నీ చెయ్యి పడింది నాకు సయించదు. ఆ రోజు నేనన్నది నిజమే.”

సుదీక్ష మొహం పాలిపోయింది. నిహారిక చెయ్యి పట్టుకుని, తొందరపడకుండా, పైకెత్తింది. అంత కోపంలోనూ హద్దు దాటలేదు, అలాగని ఒక్క వెంట్రుకవాసి ముందు ఆగనూ లేదు. చంకలో టప్‌మని తాడొకటి వదులైంది. ఇద్దరి చేతుల్లోనూ తెలిసింది. నిహారిక చెయ్యి తల దాటి దిండు మీద వాలింది.

“తొడుగు గెలిచిందమ్మా!” అని గెంతినంత పని చేశారు డాక్టరు గారు.

సుదీక్ష తొడుగు విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తొడుగు నొప్పిని పంపుతుందే గాని, మనసులో ఏముందో పంపదు.

సాయంత్రం నిహారిక ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పుకుంది. కూర గిన్నె అడుగంటా తిన్నానని ఒట్టేసింది. సుదీక్ష మధ్యలో ఆపకుండా విన్నది.

“నమ్ముతాను,” అంది ఆఖర్న. “ప్రాణం కోసం అన్నారు, తప్పులేదు. కాని ఇన్ని మాటలుండగా మీ నోటికి అదే ఎందుకొచ్చింది?”

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

సోమవారం రేడియేషన్ గదిలో చెయ్యి తలపైకి హాయిగా లేచింది. టెక్నీషియన్ అమ్మాయి మురిసిపోయి, ఇక కదలకూడదని చెప్పింది. అంతలో మొహం చూసి కంగారుపడింది.

“ఏమ్మా, చెయ్యి నొప్పిగా ఉందా?”

“లేదమ్మా. చెయ్యి బాగుంది,” అంది నిహారిక.

అమ్మాయి బయటికెళ్లి తలుపు వేసింది. మెషిన్ తిరగడం మొదలెట్టింది. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. కదలకూడదన్నారు కనక తుడుచుకోలేదు.